నాలుగో రీలులో ముప్పై ఎనిమిది ఫ్రేములు

2014 ఏప్రిల్ రెండో వారంలో నా బెంచి మీదికి ఆరు రీళ్ల ప్రింటు ఒకటి వచ్చింది. డెట్రాయిట్ శివార్లలోని ఒక ప్రైవేటు ఫిల్మ్ ల్యాబ్‌లో నేను అప్పుడు సీనియర్ ప్రింట్ ఇన్‌స్పెక్టర్‌ని. హోదాలో సీనియర్ అని ఉన్నా ఆ విభాగంలో మిగిలింది నేనొక్కడినే. పాత ప్రింట్లను పరీక్షించి, శుభ్రం చేసి, తెగినచోట అతికించి, ప్రొజెక్టర్‌లో ఆడడానికి పనికొస్తాయో లేదో రాసి ఇవ్వడం నా పని. నా పై అధికారి స్కానింగ్ విభాగం లీడ్ కిరణ్మయి. వరంగల్ అమ్మాయి, నాకన్నా ముప్పై ఏళ్లు చిన్నది. మీటింగుల్లో పేరు పెట్టి పిలిచేది, మిగతా వేళల్లో అంకుల్ అనేది.

ఆ ప్రింటు మాకు ఉత్తరాన మూడు గంటల దూరంలో ఉన్న ఒక డ్రైవ్-ఇన్ థియేటర్‌ది. డ్రైవ్-ఇన్ అంటే మైదానంలో ఒక పెద్ద తెర. ప్రేక్షకులు కార్లు దిగకుండా చూస్తారు, మాటలు కారు రేడియోలో వింటారు. స్టూడియోలు ఫిల్మ్ ప్రింట్లు పంపడం మానేస్తున్న రోజులవి. థియేటర్ యజమానురాలు డొరతీకి డెబ్బై దాటాయి. తప్పనిసరై డిజిటల్ ప్రొజెక్టర్ కొన్నది. పాత ప్రొజెక్టర్‌ను విప్పేసే ముందు, మే నెలలో థియేటర్ తెరిచే మొదటి శనివారం, తమ సొంత ప్రింటును ఆఖరిసారి ఆడించాలనుకుంది. సినిమా యాభైల నాటి నలుపు తెలుపు హారర్ బొమ్మ. ఒక ఊరి మీద గుర్రమంత జెర్రి పడుతుంది.

ఇలాంటి సినిమాలు నాకు ఈ ల్యాబ్‌లో చేరకముందే తెలుసు. మద్రాసులో సినిమా నెగటివ్ కటింగ్, అంటే అసలు ఫిల్మును కత్తిరించి అతికించే పని, నేర్చుకున్నవాణ్ణి నేను. నా భార్య సుగుణ నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఈ దేశం వచ్చాం. మొదటి రెండు మూడు వేసవుల్లో శనివారాలు డ్రైవ్-ఇన్‌కి వెళ్లేవాళ్లం. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. హారర్ సినిమాలకు ఆ ఇబ్బంది లేదు. జెర్రి వస్తే పరుగెత్తాలని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున తెలుగు చర్చిలో మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. “దయ్యాల బొమ్మలు చూసొచ్చి ప్రభువు బల్లలో రొట్టె తీసుకుంటున్నారా అని పాస్టరుగారు అడిగితే జవాబు నువ్వే చెప్పుకో,” అనేది సుగుణ. ఈ ప్రింటు వచ్చేనాటికి ఆమె పోయి అయిదు నెలలు. ఈ సినిమా మేం చూశామో లేదో నాకు గుర్తు లేదు. అడగడానికి మనిషి లేదు.

ప్రింటు పరీక్ష చేత్తో చేసే పని. రెండు చక్రాల మధ్య ఫిల్మును నెమ్మదిగా తిప్పుతూ, నూలు గ్లవ్ వేసుకున్న వేళ్ల మధ్య అంచులను పోనిస్తాం. చిరిగిన రంధ్రం, వదులైన అతుకు ముందు వేళ్లకు తెలుస్తాయి, తర్వాతే కంటికి. ఫిల్ము ఎంత ముడుచుకుపోయిందో కొలుస్తాం. ఇది పరిమితి లోపలే ఉంది. ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి, మంచి చేతుల్లో నడిచిన ప్రింటు.

మూడో రీలు దగ్గర కిరణ్మయి వచ్చి నా భుజం మీదుగా చూసింది.

“జెర్రిని గుంజే వైర్ క్లియర్‌గా కనపడ్తుంది అంకుల్. దాన్ని కూడా రిపేర్ చేస్తరా?”

“అది సినిమాతో పుట్టిందమ్మా. పుట్టుకతో వచ్చిన లోపం మనం ముట్టుకోం.”

“అంటే మన మేనేజర్ లెక్క,” అని వెళ్లిపోయింది.

నాలుగో రీలులో, జెర్రి మొదటిసారి పూర్తిగా కనిపించే చోటికి ముందు, వేళ్లకు రెండు అతుకులు దగ్గర దగ్గరగా తగిలాయి. వాటి మధ్య ఉన్నది ఈ సినిమా ఫిల్ము కాదు. అంచుల మీది కంపెనీ ముద్ర వేరు, బొమ్మ పక్కన మాటలను మోసే శబ్దపు గీత లేదు. భూతద్దం పెట్టి ఫ్రేములన్నీ చూసి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. తెర మీద ఒకటిన్నర సెకను. తినుబండారాల స్టాల్ ముందు ఎండలో నిలబడిన ఒక యువతి.

ఇలాంటివి మాకు కొత్త కాదు. ప్రొజెక్టర్ ఆపరేటర్లు సరదాకి ఏవేవో ముక్కలు అతికించేవారు. మా భాషలో దాన్ని పరాయి ముక్క అంటాం. వర్క్ ఆర్డర్‌లో దాని కోసం ఒక గడి ఉంటుంది: తీసేయాలా, ఉంచాలా. డొరతీ ఆ గడిని ఖాళీగా వదిలింది. ఖాళీగా ఉంటే కస్టమర్‌కి ఫోన్ చేసి అడగవచ్చు, లేదా మామూలు పద్ధతి ప్రకారం తీసేయవచ్చు. నిబంధన రెండింటికీ వీలిచ్చింది. అంతకు ముందు నేనైతే ఫోన్ చేసేవాణ్ణి. ఆ నెలల్లో నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. ఇంట్లో ఫోన్ మోగినా తీసేవాణ్ణి కాదు. ల్యాబ్‌లో కూడా కిరణ్మయి వచ్చి పలకరిస్తే తప్ప రోజంతా నోరు విప్పకుండా గడిచేది. ముక్కను కత్తిరించి, అటూ ఇటూ ఉన్న అసలు ఫిల్మును కలిపి అతికించాను. మూడడుగుల కన్నా పొడవైన ముక్కలను కవరులో పెట్టి కస్టమర్‌కు తిప్పి పంపుతాం. ఇది రెండున్నర అడుగులు కూడా లేదు. చెత్త ఫిల్ము డబ్బాలో వేశాను. రిపోర్టులో ఒక లైను రాశాను: నాలుగో రీలు, పరాయి ముక్క, 38 ఫ్రేములు, తొలగించడమైనది.

తర్వాతి సోమవారం డొరతీ ఫోన్ చేసింది. కోపం లేని గొంతు. రిపోర్టు చూశానని, తీసేసిన ముక్క ప్రింటుతో పాటు వస్తుందా అని అడిగింది. అది ఏమిటని అడిగాను. ఆ పని వారం ముందు చేయవలసింది.

ఆమె పెళ్లయిన కొత్తలో, ఇంటర్వెల్‌లో వేసే ప్రకటన తీయడానికి ఒక కెమెరామన్ వాళ్ల థియేటర్‌కి వచ్చాడట. అతను వద్దని పారేసిన ముక్కను ఆమె భర్త వాల్టర్ దాచి, తర్వాత కొన్న ఈ ప్రింటులో అతికించాడు. ప్రతి ఏడూ మొదటి శనివారం ఈ సినిమాయే వేసేవారు. అప్పటి డొరతీ తెర మీదికి రాగానే పాత ప్రేక్షకులందరూ హారన్లు కొట్టేవారు. వాల్టర్ పోయి రెండేళ్లు.

“నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు,” అంది డొరతీ. “నాలుగో రీలు ఇంటర్వెల్ తర్వాత వస్తుంది. స్టాల్‌లో అప్పుడే రద్దీ. తెర మాకు వెనకవైపు. హారన్లు వినేదాన్ని, అంతే. ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాను. ఈసారి స్టాల్ వేరేవాళ్లకి అప్పగించి కార్లో కూర్చుందామని.”

కిరణ్మయికి జరిగింది చెప్పాను.

“కాల్ చేసి అడగకపోయిన్రా అంకుల్?”

“అడగలేదు.”

ఆమె గ్లవ్స్ తొడుక్కుని డబ్బా దగ్గరికి నడిచింది. డబ్బా ఖాళీ. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. దాన్ని రాబట్టే కంపెనీ వాళ్లు రెండు వారాలకొకసారి, గురువారాల్లో, వచ్చి పట్టుకెళ్తారు. అంతకు ముందు గురువారమే వచ్చి వెళ్లారు. కిరణ్మయి వాళ్లకు ఫోన్ చేసింది. ఆ మూట రసాయనంలో పడిపోయిందన్నారు. కస్టమర్ స్కానింగ్ అడగలేదు కాబట్టి మా దగ్గర కాపీ కూడా లేదు.

“అపాలజీ లెటర్ పంపిద్దాం. మేనేజర్ అప్రూవ్ చేయాలె. మీరేం రాయకండి,” అంది.

నేను వెళ్లి చెప్పి వస్తానన్నాను. కంపెనీ కారు తీసుకెళ్లమంది.

ప్రింటు డబ్బాలు వెనక సీట్లో పెట్టుకుని బుధవారం వెళ్లాను. పగటిపూట డ్రైవ్-ఇన్ పెద్దగా చూడవలసిన చోటు కాదు. గడ్డి, వరసలుగా ఎత్తు చేసిన మట్టి, సున్నం రాలిన తెర. డొరతీ స్టాల్‌లో కౌంటర్ తుడుస్తోంది. ముక్క పోయిందని, పొరపాటు ల్యాబ్‌ది కాదు నాదని చెప్పాను.

“కత్తిరించింది మీరేనా?”

“నేనే.”

“చూసే కత్తిరించారా?”

“భూతద్దంతో చూశాను.”

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. “అయితే కూర్చోండి. ఎలా ఉన్నాను?”

చూసింది చూసినట్టు చెప్పాను. చారల ఏప్రన్. చేతులు మోచేతుల దాకా తడి. ఎడమ చేయి ఎండకు అడ్డంగా నుదుటి మీదికి లేస్తుంది. పదకొండో ఫ్రేము నుంచి నవ్వు మొదలవుతుంది. చివర్లో నోరు తెరుచుకుంటుంది, ఏదో అంటోంది, ఏమిటో తెలియదు. చూపు కెమెరా మీద లేదు. కొంచెం కుడివైపు, పైకి.

“ఎంత పైకి?”

కెమెరామన్ తల కన్నా జానెడు ఎత్తుకి అని చేత్తో చూపించాను.

“వాల్టర్ పొడుగు,” అంది డొరతీ. మళ్లీ గుడ్డ అందుకుని, “నోరు మూసుకోమని అంటున్నాను అతన్ని. ఇంకేమంటాను,” అంది.

పోయిన ముక్క స్థానంలో అంతే పొడవు నల్ల ఫిల్ము అతికించడం మా వృత్తిలో ఉన్న పద్ధతే. ఆమె సరేనంది. ప్రొజెక్టర్ గదిలోని బల్ల మీద, ఒకప్పుడు ఆమె భర్త వాడిన అతుకు యంత్రంతో, ముప్పై ఎనిమిది ఫ్రేముల నలుపు అతికించి వచ్చాను. మే నెలలో ఆ మొదటి శనివారం ఆటకు రమ్మంది. నేను వెళ్లలేదు. ఆట తర్వాతి వారం ఆమె నుంచి ఒక కార్డు వచ్చింది. తాను కార్లోనే కూర్చున్నానని, తెర నల్లబడగానే హారన్లు మోగాయని రెండు వాక్యాలు రాసింది.

రిటైరయ్యేదాకా నేను పని తీరులో రెండు మార్పులు పాటించాను. కస్టమర్ ఖాళీగా వదిలిన గడిని అనుమతిగా తీసుకోలేదు, ప్రతిసారీ ఫోన్ చేశాను. కత్తిరించిన ముక్క ఎంత చిన్నదైనా, అందులో ఏముందో ఫ్రేముల వారీగా రిపోర్టులో రాశాను. ఆ రెండో అలవాటు సమయం తింటుందని మేనేజర్ ఒకటి రెండుసార్లు అన్నాడు. నిజమే, తింటుంది. కాని కత్తిరించేవాడే చాలాసార్లు ఆఖరి ప్రేక్షకుడు. అతను చూసింది రాసిపెట్టకపోతే, ఆ ముక్కకు సాక్ష్యం మిగలదు. ఇక నా తప్పు విషయం. నిబంధన తెలియక చేసింది కాదు అది. ఒక ఫోన్ చేసి, తెలియని మనిషితో నాలుగు మాటలు మాట్లాడవలసి వస్తుందని చేసింది. మనుషులకు దూరంగా ఉండాలనుకునేవాడికి ప్రింటు పరీక్ష తగిన ఉద్యోగమని నేను అంతవరకూ అనుకున్నాను. కాదు.