మందసం అంటే పెట్టెనమ్మా

మా సండే స్కూల్ టీచరు గారు ఈ నెల మొదట్లో చనిపోయారు. వచ్చే నెల మొదటి ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. అది అయిపోయాక ఈ మాట ఎవరూ వినరు. అందుకే మన సంఘ పత్రికలో ఇప్పుడే రాస్తున్నాను.

హనుమాన్ జంక్షన్ దగ్గరి మన చర్చిలో, ప్రసంగ వేదిక పక్కన టేకు పెట్టె ఉంది కదా. ఆరాధనకు చదివే పెద్ద బైబిలు అందులోనే ఉంటుంది. అందరం మందసం అంటాం. ఆడవాళ్ళు దాన్ని ముట్టకూడదు. దాని మీద కప్పే తెల్లగుడ్డను మాత్రం టీచరు గారే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, గుమ్మం దగ్గర నిలబడి, సంఘ కమిటీలోని ఒక పెద్దాయన చేతికిచ్చేవారు. ఆయన లోపలికి తీసుకెళ్ళి పరిచేవారు, ఎక్కువసార్లు వంకరగా.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను. అమ్మా నాన్నా పొలం నుంచి వచ్చేదాకా టీచరు గారి అరుగు మీద చదువుకునేదాన్ని. మందసమంటే దేవుడి పేరే అనుకునేదాన్ని. ఓసారి అడిగితే నవ్వారు.

“పెట్టెనమ్మా, అంతే. నగలు దాచుకున్నా మందసమే, బట్టలు దాచుకున్నా మందసమే. మన వీధి చివర నేతవాళ్ళింట్లో దేవుళ్ళని పెట్టుకునేదీ మందసమే. పాతకథలో తల్లి పసిబిడ్డని ఏట్లో వదిలిందీ అందులోనే. మరి ముట్టుకోకుండానే వదిలిందంటావా?”

చదవడం వచ్చిన ఆడపిల్లలతో ఆదివారం వాక్యం చదివించమని ఆవిడ కమిటీని అడిగారు. బైబిల్లో దేవుడి మందసాన్ని ముట్టినవాడు అక్కడికక్కడే పడి చచ్చాడని ఆ పెద్దాయన గుర్తు చేశారు.

“చచ్చినవాడు మగాడే కదండీ,” అన్నారావిడ.

 ఆ తర్వాత మీటింగులకు ఆవిడకు పిలుపు రాలేదు. గుడ్డ మాత్రం ఉతకడానికి వచ్చేది.

సమాధి చేసిన రోజు ఆ పెద్దాయనే ఆవిడను సంఘానికి తల్లి అన్నారు. వాక్యం చదవడానికి ఆయన అల్లుడు గారు లేచారు. ఒత్తులు మింగేస్తూ, పలకలేని పేర్లు దాటేస్తూ చదివారు. ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దిన మేమంతా వెనక చాపల మీద కూర్చుని విన్నాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఊరుకోవే, ఈరోజు కాదు,” అంది. ఊరుకున్నాను.

సంఘ పెద్దలకు మనవి. జ్ఞాపకార్థ కూడికలో మందసం నేను తెరుస్తాను, వాక్యం నేను చదువుతాను. సరేనో కాదో ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా చెప్పండి. కాదనేటట్టయితే ఆరాధనలో, అందరూ ఉండగా చెప్పండి. ఇప్పుడు సండే స్కూలుకు వస్తున్న ఆడపిల్లలు ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పండి.