అక్క మొగ్గల మీద టెంటు పడనివ్వను

నిన్న స్కూల్లో క్లాసు చెబుతుంటే ఫోన్ వచ్చింది. మా పక్కింటి రాజమణి అక్క ఇక లేదని.

రాంగ్ న్యూస్ అనుకున్నాను.

ఎందుకంటే పొద్దున్నే నాతో గొడవపడింది. నేను పారబోసిన సబ్బు నీళ్లు గోడ కింద నుంచి వాళ్ల వైపు వెళ్లాయని. "చెల్లే, చెట్లు మొగ్గ మీదున్నయ్. ఆ నీళ్లు ఇటు రానియ్యకు" అంది.

అంత గట్టిగా అరిచిన మనిషి టీ తాగి కుర్చీలో కూర్చుని, దవాఖానకు తీసుకెళ్లేలోపే పోయిందంటే ఎలా నమ్మను?

ఇవాళ సమాధి చేసి వచ్చాం. ఇంకా నమ్మకం కుదరలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క మా స్కూల్లోనే టీచర్‌గా రిటైర్ అయింది. బావ బొగ్గుబాయిలో దిగి తట్టతో బొగ్గు నింపేవాడు, పోయి చాలా ఏళ్లయింది. రిటైర్మెంట్ తర్వాత అక్క ఇంటి ముందు జాగాలో సిమెంటు స్తంభాలు పాతించి, వాటి మీద పాత స్కూటర్ టైర్లు తగిలించి, డ్రాగన్ ఫ్రూట్ పెట్టింది. మన గోదావరిఖనిలో అప్పటికి ఆ పండు పేరు విన్నవాళ్లే తక్కువ.

ఇంటి ముందు ముళ్ల చెట్లేంటి, అరిష్టం అన్నారు కాలనీవాళ్లు.

"మా ప్రభువు నెత్తి మీద పెట్టుకున్నయే ముళ్లు. గేటు ముందట ఉంటే నాకేమైతది?" అంది.

మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

పోయినేడు మొదటి కాపు. నాలుగు పండ్లు వస్తే వాళ్ల చర్చిలో కోత పండుగకు తీసుకెళ్లింది. అక్కడ ఎవరి పంట వాళ్లు తెచ్చి అర్పిస్తారు, తర్వాత వేలం వేస్తారు. నేనూ వెళ్లాను. పాడుకున్నాయన అక్కడే కోసి అందరికీ తలా ముక్క పంచాడు.

చప్పగా ఉంది. నిజం చెప్పాలంటే చాలా చప్పగా ఉంది.

"టీచరమ్మా, దీనికన్న దోసకాయ నయం గదా" అన్నాడాయన. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం నాతో, "వచ్చే ఏడు గదే మనిషి రెండో ముక్క అడగాలె, చూడు" అంది. అప్పటి నుంచి ఆవిడకు అదొక్కటే పంతం.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిశాక ఇద్దరం తెగ నవ్వుకున్నాం. చెట్టుకు బూడిద మంచిదని అందరం విన్నదే కదా. కానీ మన ఇళ్లల్లో బూడిదంటే ఏ బూడిద? బొగ్గు పొయ్యిది. అక్క దాన్నే తట్టలకొద్దీ మొదళ్లలో పోసింది. కట్టెల బూడిదలో పొటాష్ ఉంటుంది గానీ బొగ్గు బూడిదలో అంత ఉండదనీ, పైగా మట్టి బిగుసుకుపోతుందనీ హార్టికల్చర్ ఆఫీసులో ఒకాయన చెప్పాడు. అది చాలదన్నట్టు యూరియా కూడా దండిగా వేసింది. దాంతో కొమ్మలు బలిశాయి తప్ప పూత సరిగ్గా రాలేదు.

"మనకు బువ్వ పెట్టిన బొగ్గు చెట్టుకు పెట్టదట చెల్లే" అని ఎన్నిసార్లు చెప్పుకుని నవ్విందో.

ఈ చెట్టు వేళ్లు పైపైనే ఉంటాయి. గడ్డపార వేస్తే తెగిపోతాయి. అందుకని పీట వేసుకుని కూర్చుని, బిగుసుకుపోయిన బూడిదంతా చేత్తోనే గోకి తీసింది. యూరియా తగ్గించింది. బాగా మాగిన పశువుల ఎరువులో వేప పిండి కలిపి, కాండానికి తగలకుండా చుట్టూ చల్లేది. మొగ్గకు ముందు కొంచెం పొటాష్. పిందె పడ్డాక ఇంకాస్త, తీపి కోసం. ఎరువు మోసింది బావ బొగ్గు నింపిన తట్టతోనే. మొన్న తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు వీధి వీధంతా రంగులు చల్లుకుంటుంటే, అక్క వెళ్లి రంగు పూయించుకుని వచ్చి, ఆ చేతుల్తోనే ఎరువు చల్లింది.

ఇప్పుడు ప్రతి స్తంభానికీ మొగ్గలున్నాయి.

ఇక అసలు సంగతి.

ఆ ముళ్ల చెట్ల వెంటపడి, ఎండలో తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకుందని సమాధి దగ్గరే కొందరు అనుకుంటున్నారు. అబద్ధం. గుండె వీక్‌గా ఉందని డాక్టర్లు చెప్పి ఏళ్లయింది. రిటైరయ్యాక ఒంటరిగా మంచం పట్టబోయిన మనిషిని రోజూ పొద్దున్నే లేపి బయటికి తెచ్చింది ఆ చెట్లే. నేను గోడ ఇవతల నుంచి చూసినదాన్ని.

సాయంత్రం అక్క తమ్ముడు, పోయినవాళ్ల ఇంటి దగ్గర చర్చివాళ్లు ప్రార్థన చేసే ఆదరణ కూడికకు టెంటు వేయాలని, స్తంభాలు పీకించడానికి గడ్డపారతో మనిషిని పిలిపించాడు. చెడ్డవాడు కాదు, దుఃఖంలో ఉన్నాడు. అయినా నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"మా ఇంటి సంగతి చెప్పనీకి మీరెవరు మేడం?" అన్నాడు.

న్యాయమే. మాది కోస్తా. చర్చి వేరు, గుడి వేరు. చుట్టరికం అసలే లేదు.

"గోడ పక్క చెల్లెల్ని" అన్నాను. "టెంటు రోడ్డు మీద వేసుకోండి. లేదంటే మా వాకిట్లో వేసుకోండి. ఈ కాపు అయ్యేదాకా ఒక్క స్తంభం కదలనివ్వను."

ఆయన చెట్ల మధ్య బోర్లించి ఉన్న బావ తట్ట వైపు కాసేపు చూశాడు. తర్వాత గడ్డపార మనిషిని పంపించేశాడు.

టెంటు మా వాకిట్లోనే.

కూడికకు వచ్చేవాళ్లు దండలు తేవద్దు. ఎవరికి వీలైనంత ఎరువు తెండి. మాగినదే తెండి, పచ్చి పేడ తెస్తే అక్క ఊరుకోదు. బూడిద అయితే అసలే వద్దు.

కోత పండుగకు పండ్లు నేనే మోసుకొస్తాను. దోసకాయ నయమన్న అన్నా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. మొదటి ముక్క నీకే.

రెండోది నువ్వే అడుగుతావు.

వెళ్లిరా అక్కా. సబ్బు నీళ్లు అటు రానివ్వను. నీ ప్రభువు దగ్గర ఏ ఫికరూ లేకుండా నిద్రపో.