సాంచెల మీదుగా వినిపించే కేక

నిన్న జగిత్యాలలో మా ఇంట్లో కుట్టుమిషన్‌కి నూనె వేస్తుంటే రెండు చుక్కలు వేళ్ల మీద పడ్డాయి. తుడుచుకుందామని చెయ్యి పైకెత్తానో లేదో, సిరిసిల్లలో మా వీధి వాసన గుప్పుమంది. సాంచెల నూనె, గంజి, గాలిలో తేలే నూలు దుమ్ము, అన్నీ కలిసిన వాసన. నలభై దాటిన దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, అయినా చెయ్యి తుడుచుకోవడమే మరిచిపోయాను. పదకొండేళ్ల వయసులో పట్టుకున్న భయం, ఇంకా వదల్లేదు.

మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భివండి పోయిన మా తాతలు ఆ మాటని, దానితో పాటు మిషన్ నడపమనే 'చాలూ'ని, ఆపమనే 'బంద్'ని మూట గట్టుకొచ్చారని మా బాపమ్మ, అంటే మేం బాపు అని పిలిచే నాన్న వాళ్లమ్మ, చెప్పేది. మాటలు ఎక్కడివైనా యాస మాత్రం సాంచెలే నేర్పాయని నా నమ్మకం. పొద్దున లేచింది మొదలు వీధి వీధంతా టకటకా మోగుతుంటే, ఆ చప్పుడు సందుల్లోంచి దూరాలంటే మాట పొట్టిగా ఉండాలి, చివర సాగాలి, సాగిన చోట గొంతు పైకి లేవాలి. అందుకే మావాళ్లు మాటని సగం మింగేసి, మిగిలిన సగాన్ని వీధి చివరి దాకా విసురుతారు. కార్ఖానా లోపల అదీ చాలదు. అక్కడ పెదాలు చూసే మాట పట్టేస్తారు. ప్రమాదం కనబడితే మాత్రం ఒకటే కేక, పేరులో చివరి అక్షరాన్ని పట్టుకుని ఆకాశానికి ఎత్తేయడం. అది చెవిలో పడిందంటే మనిషి ఎక్కడున్నవాడు అక్కడే చేతులు వెనక్కి లాక్కుని నిలబడిపోతాడు. మాటలు సరిగ్గా రాకముందే మా పిల్లలకు ఆ కేక వచ్చేది.

మా అమ్మది కోరుట్ల. బీడీలు చుట్టుకుంటూ, ఒకరి మాట ఒకరు నెమ్మదిగా అందుకునే ఇంటి నుంచి వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు బయట ఎవరో తన్నుకుంటున్నారని వణికిపోయిందట.

"ఏడ కొట్లాట అయితుంది అత్తమ్మా?" అని అడిగితే, "కొట్లాట కాదే, కూరేమొండినవని అడుగుతుంది పక్కింటామె" అని బాపమ్మ పడీ పడీ నవ్విందట. అయిదారేళ్లు గడిచేసరికి అమ్మే మా వీధిలో అందరికన్నా గట్టిగా మాట్లాడేది.

నూలు చుట్టే ఖాళీ కండెలు పేర్చి ఇళ్లు కట్టుకోవడం, కరెంటు పోయి సాంచెలు ఆగితే చెవులు గుయ్యిమంటుంటే భయపడి అమ్మ కొంగు పట్టుకోవడం, బతుకమ్మ రోజుల్లో గునుగు పువ్వుకి రంగు అద్ది చేతులన్నీ ఎర్రగా చేసుకుని ఆ చేతులతోనే రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద తిని తిట్లు తినడం, ఇవీ నాకు తెలిసిన పండుగలూ కాలాలూ. మా ఆడవాళ్లు బతుకమ్మ పాట ఎత్తుకుంటే మైకు కట్టిన వాడు సిగ్గుపడి పోవాల్సిందే.

ఆరో తరగతికి నన్ను జగిత్యాలలో హాస్టల్లో వేశారు. మొదటి రోజే టీచరు పేరు అడిగితే, నేను మా వీధిలో చెప్పినట్టే అరిచి చెప్పాను.

"ఎందుకట్ల ఒర్లుతున్నవమ్మా? ఇదేమన్న కార్ఖాననా?" అందావిడ. క్లాసంతా గొల్లుమంది. ఆమెది చెడ్డ మనసు కాదు, ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ నవ్వుకి తల దించేసుకున్నాను. నోరు తెరిచే ముందు గొంతు నులుముకోవడం అలవాటు చేసుకున్నాను. హాజరు పలకాలన్నా చెమటలు పట్టేవి. దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి నా మాట నాకే సరిగ్గా వినిపించడం లేదు.

"దీని గొంతు ఎవలన్న ఎత్కపోయిన్రా ఏంది?" అని బాపమ్మ నా గడ్డం పట్టుకుని ఊపింది. నేను లోలోపల గర్వపడ్డాను, సిగ్గు లేకుండా.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం బాపుకి అన్నం గిన్నె పట్టుకుని కార్ఖానాకి పోయాను. తలుపు దగ్గరే నిలబడ్డాను. బాపు నాకు వీపు పెట్టి, తెగిన పోగు ముడివేస్తూ సాంచె మీదికి వంగి ఉన్నాడు. భుజం మీది తువ్వాల జారుతోంది. దాని కొస, మోటారు నుంచి సాంచెకి తిరిగే పట్టా వైపు, జానెడు దూరంలో ఊగుతోంది. చూశాను. కేక గొంతు దాకా వచ్చింది, అక్కడ క్లాసంతా కూర్చుని నవ్వుతోంది.

"బాపూ" అన్నాను, జగిత్యాలలో హాజరు పలికినట్టు.

తువ్వాలను పట్టా లాగేసుకుంది. దాన్ని పట్టుకోబోయిన కుడిచెయ్యి కూడా దానితోనే పోయింది. పక్క సాంచె మీది మనిషి ఉరికొచ్చి మోటారు బంద్ చేసేసరికి రెండు వేళ్లు లేవు. అన్నం గిన్నె ఎప్పుడు వదిలేశానో గుర్తులేదు.

దవాఖానాలో ఆసామి, అంటే సాంచెల యజమాని, నా వైపు తిరిగాడు. "పోరి గక్కడనే ఉండె గదా, ఒర్లలేదా?"

కట్టు కట్టించుకుంటున్న బాపు తల ఎత్తకుండానే అన్నాడు. "బిడ్డ ఒర్లింది. నాకే ఇనరాలే. నా చెవులు పోయినయ్."

పోలేదు. అప్పటికి బాపు చెవులు పాము చెవులు, ఇంట్లో గుసగుస కూడా వదిలేవాడు కాదు. చెవిటివాడిని సాంచెల మీద నిలబెట్టలేనన్నాడు ఆసామి. వేళ్లు పోయినా నడిపిస్తానని బతిమాలుదామనుకున్న బాపుకి ఆ దారీ లేకుండా పోయింది. కండెలు చుట్టే పనికి కూర్చోబెట్టారు. ఊరంతా ఆయనతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది, ఆయనా రెండోసారి అడిగించుకుని జవాబు చెప్పేవాడు. అందరిముందూ అలా, నా కోసం, ఏళ్ల తరబడి. మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన నా పేరు పిలిస్తే చేతిలో పని ఆపేసేదాన్ని, ఇప్పుడు అడుగుతాడు, ఎందుకు ఒర్లలేదని ఇప్పుడు అడుగుతాడు అని. ఒక్కసారీ అడగలేదు.

నిన్నటి నూనె వాసన నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అడగకపోయినా నేనే చెప్పాలనుకుని పొద్దున్నే బస్సెక్కాను. దారిలో కొడిమ్యాల దాటినా ఏమని మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోయాను.

మా వీధిలో సాంచెలు చాలా వరకు పాత ఇనుముకి పోయాయి. ఉన్న ఒకటి రెండు కార్ఖానాలకి తాళాలు. పిల్లలు టీవీలో వాళ్లలా మెత్తగా మాట్లాడుకుంటున్నారు, గొంతు పెంచాల్సిన పని ఎవరికీ లేదు. అరుగు మీద బాపు అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. వయసుకి చెవులు ఇప్పుడు నిజంగానే పోయాయి. వీధి మొదట్లోనే ఆగిపోయాను. ముప్పై ఏళ్లు మింగుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. చివరి అక్షరం పట్టుకుని, ఆకాశానికి ఎత్తి, పిలిచాను.

"బాపూ...!"

తలుపుల్లోంచి ముసలివాళ్లు బయటికొచ్చారు. ఒకాయన చేతులు వెనక్కి లాక్కుని నిలబడిపోయాడు. బాపు కదల్లేదు. వాళ్లందరి చూపూ ఎటు ఉందో చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు. నా పెదాలు చూసి నవ్వి, మూడు వేళ్ల చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"గంత మెల్లగ పిలుస్తవేందే? జర గట్టిగ ఒర్లు బిడ్డా, నాకు ఇనస్తలేదు."