ఒక్క ఛానెల్ మునిచంద్ర

పుంగనూరు బస్టాండు వెనక సందులో ఫోటో స్టూడియో నడిపే మునిచంద్రకు భయమంటూ ఉంటే అది తాళి కట్టే క్షణమంటేనే. మిగతా పెండ్లంతా ఎట్లాగో గట్టెక్కించగలడు. కాళ్లు కడిగేది తప్పిపోతే మళ్లీ కడిగించి తీయొచ్చు. తలంబ్రాలు ఇంకో రెండు దోసిళ్లు పోయించొచ్చు. భోజనాలంటారా, వద్దన్నా మళ్లీ కూర్చునేవాళ్లు ప్రతి పెండ్లిలోనూ ఉంటారు. తాళి అట్లా కాదు. గట్టిమేళం మోగి ఆగేలోపల దొరికితే దొరికినట్టు, లేకుంటే లేదు.

పనిలో మునిచంద్రకు వంక పెట్టే పని లేదు. ముఖం మీదికి సూటిగా ఫ్లాష్ కొడితే పెండ్లికొడుకు కూడా పోలీసులు పట్టుకొచ్చినవాడిలాగా పడతాడని, వెలుగు పక్కనుంచి రావాలని మదనపల్లెలో పని నేర్చుకునేటప్పుడే గ్రహించాడు. అందుకని వెలుగును మెత్తబరిచే గొడుగు బిగించిన పెద్ద ఫ్లాష్‌ను వేదిక పక్కన స్టాండు మీద నిలబెట్టి, దానికీ కెమెరాకూ పొడుగాటి వైరు కలిపేవాడు. తొంభై ఎనిమిదిలో మదనపల్లె టమోటా మండీ వాళ్ల పెండ్లిలో, పెండ్లికొడుకు మేనమామ రంగప్ప ఆ వైరు కాలికి చుట్టుకుని తలంబ్రాల పళ్లెంతో సహా పురోహితుడి ఒళ్లో పడ్డాడు. తలంబ్రాలు పడాల్సిన తలలు రెండూ బోసిగా మిగిలాయి, పురోహితుడికి మాత్రం నిండుగా పడ్డాయి. ఆ వైరును మునిచంద్ర అటక ఎక్కించాడు.

తర్వాత వైరు లేకుండా పనిచేసే ఇంకో ఏర్పాటుకు మారాడు. ఫ్లాష్‌కు చిన్న కన్ను ఉంటుంది. ఎదురుగా ఇంకో ఫ్లాష్ వెలిగితే ఆ కన్ను చూసి ఇదీ వెలుగుతుంది. కానీ ఎవరి ఫ్లాష్ అని దానికి పట్టింపు లేదు. ఒక కుక్క మొరిగితే వీధిలో కుక్కలన్నీ మొరిగినట్టు, ఎవరు ఏ మూల మెరిపించినా మెరిసేది. రెండువేల ఐదులో స్వయానా మరదలు ప్రీతి పెండ్లి. అప్పటికి చుట్టాలందరి చేతుల్లోకీ బుల్లి డిజిటల్ కెమెరాలు వచ్చేశాయి. గట్టిమేళం మొదలవగానే పాతికమంది ఒక్కసారిగా నొక్కారు. మునిచంద్ర ఫ్లాష్ ఆ పాతికమందికీ సేవ చేసి చేసి, తీరా సొంత యజమాని నొక్కేసరికి ఖాళీ అయి కూర్చుంది. మళ్లీ నిండడానికి దానికి అయిదు సెకన్లు కావాలి. ఆ అయిదు సెకన్లలో మూడు ముళ్లూ పడిపోయాయి.

"సామీ, ఇంకొక్కసారి కట్టిస్తారా?" అని మునిచంద్ర అడిగాడు.

పురోహితుడు కళ్లెర్రజేశాడు. "నీ కెమెరా కోసం ఆ యమ్మికి రెండో పెండ్లి చెయ్యమంటావా?"

ప్రీతి ఆల్బంలో ఆ పేజీ నల్లగా ఉంటుంది. అత్త శాంతమ్మ వచ్చినవాళ్లందరికీ ఓపిగ్గా వేలు పెట్టి చూపించేది. "ఇది తాళి కట్టేదమ్మా. కనపడదు గానీ, కట్టినాడు."

పుంగనూరులాంటి ఊళ్లో ఇంతకంటే ప్రచారం ఇంకేం కావాలి? ముహూర్తాలు వచ్చాయి, పోయాయి, మునిచంద్రను పిలిచినవాడు లేడు. పాస్‌పోర్టు ఫోటోలతో రెండేళ్లు నెట్టుకొచ్చాడు. చివరికి మామ గంగులప్ప తన ఎరువుల అంగట్లో ఒక కుర్చీ వేయించి, "ఎప్పుడొస్తావో రా నాయనా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు గానీ మునిచంద్రకు ఆ రాత్రి అన్నం దిగలేదు. యూరియా బస్తాల మధ్య కూర్చోవడం తప్పని కాదు. కెమెరా కంటికి పెట్టుకున్నప్పుడు తప్ప తానెవరో తనకు తెలియని మనిషి అతను.

అట్లాంటి సమయంలో నారాయణమ్మ అనే పట్టుగూళ్ల వ్యాపారి భార్య ధైర్యం చేసింది. కూతురి పెండ్లి, మగపెండ్లోళ్ల ఊరు కుప్పంలో. "తప్పు చెయ్యనోడు యాడ ఉండాడు? తాళి మాత్రం ఇడిసిపెట్టొద్దప్పా" అంది. ఇది పోతే ఎరువుల అంగడే అని భార్య అంబికకు మాటిచ్చి, మునిచంద్ర బెంగళూరు బస్సెక్కాడు.

అక్కడ కెమెరా సామాన్ల సందులో దుకాణదారు రేడియో ట్రిగ్గర్లు చూపించాడు. కెమెరా నెత్తిన ఒక డబ్బీ, ఫ్లాష్‌కు ఒక డబ్బీ. బటన్ నొక్కితే మొదటిది రేడియోలో కేకేస్తుంది, రెండోది విని ఫ్లాష్ వెలిగిస్తుంది. వైరు లేదు, చుట్టాల కెమెరాలతో పేచీ లేదు. ఒకటి ఫారిన్‌ది, దాని ధర విన్నాక తాకాలంటేనే చేతులు కడుక్కోవాలనిపించింది. రెండోది నాలుగు ఛానెళ్లది. మూడోది ఒక్క ఛానెల్‌ది, అన్నిటికంటే చవక.

"నాలుగు ఛానెళ్లు యాలప్పా?"

"పక్కోడి దగ్గర కూడా ఇదే ఉంటే, ఒకరు నొక్కితే ఇంకొకరిది వెలగకుండా వాడొకటి, మీరొకటి పెట్టుకోవచ్చు సార్. కానీ మీ పుంగనూర్లో ఇంకెవరి దగ్గరుంటుంది ఇంత కొత్త సామాను?"

పొగడ్తకు పడనివాడు ఫోటోగ్రాఫరే కాదు. మునిచంద్ర ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఒక్క ఛానెల్‌ది కొనుక్కుని వచ్చాడు. ఇంట్లో వందసార్లు నొక్కి చూశాడు, వందసార్లూ వెలిగింది.

కుప్పం కల్యాణ మండపంలో పొద్దున ఏడింటికే స్టాండు నిలబెట్టాడు. వేదికకు అటువైపు మగపెండ్లోళ్లు తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ చెంగయ్య కూడా గొడుగు విప్పాడు. మా వైపు ఇది రివాజు. రెండు పక్షాలకూ ఎవరి ఫోటోగ్రాఫర్ వాళ్లకుండాలి, ఒకరి ఆల్బం ఇంకొకరికి నచ్చదు. మునిచంద్ర పరీక్షకని నొక్కాడు. తన ఫ్లాష్ వెలిగింది. చెంగయ్యదీ వెలిగింది. చెంగయ్య ఉలిక్కిపడి తానూ నొక్కాడు. మళ్లీ రెండూ వెలిగాయి.

"ఎవరప్పా నా ఫ్లాష్ కొడతాండేది?" అని చెంగయ్య అరిచాడు.

"నాది ఎవరు కొడతాండారో ముందు అది చెప్పు!"

ఇద్దరూ డబ్బీలు పీకి పక్కపక్కన పెట్టారు. కవలపిల్లలు.

"యాడ కొన్న్యావు?"

"బెంగళూరులో. 'మీ కుప్పంలో ఇంకెవరి దగ్గరుంటుంది సార్' అన్న్యాడు."

మునిచంద్ర ఛాతీ పెరిగిన రెండంగుళాలూ దిగిపోయింది.

అక్కణ్నుంచి ఇద్దరికీ నరకమే. చెంగయ్య వియ్యపురాలిని తీస్తే ఇక్కడ మునిచంద్ర ఫ్లాష్ ఖాళీ. మునిచంద్ర పెండ్లికూతురిని తీస్తే అక్కడ చెంగయ్య తిట్లు. చివరికి నీ వంతు, నా వంతు అని ఒప్పందం చేసుకున్నారు. తాళి దగ్గర మాత్రం ఎవరూ వంతు వదులుకోలేదు. ముందు నొక్కినవాడికి ఫోటో, రెండోవాడికి చీకటి. చెంగయ్య వేలు ఎంత చురుకైనదో పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాడు మునిచంద్ర. పందెం పెడితే తాను ఓడిపోతానని అతనికి తెలిసిపోయింది.

పురోహితుడు మాంగల్యం చేతికిచ్చాడు. అప్పుడు మునిచంద్రకు గుర్తొచ్చింది పాతకాలపు ఉపాయం. వెలుగు తాను వేయనక్కర్లేదు. కెమెరాకు కంటిరెప్పలాంటి షట్టరు తెరిచిపెట్టుకుని ఉంటే చాలు, ఎవరు వేసినా లోపలికి వస్తుంది. తాను నొక్కితే ఫ్లాషులు వెలగకుండా చటుక్కున కెమెరా నెత్తి మీది డబ్బీ పీకి జేబులో వేసుకున్నాడు. స్టాండుకు చేతులు ఆనించి ఊపిరి బిగబట్టాడు. పెండ్లికొడుకు చేతులు పెండ్లికూతురి మెడ వెనక్కి వెళ్లగానే షట్టరు తెరిచి పట్టుకున్నాడు.

అటునుంచి చెంగయ్య నొక్కాడు. రెండు గొడుగులూ ఒక్కసారిగా వెలిగాయి. మునిచంద్ర షట్టరు వదిలేశాడు.

కెమెరా వెనక చిన్న తెరలో చూసుకున్నాడు. ముడి పడుతోంది. పిల్ల తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. రెండువైపుల నుంచీ వెలుగు. తన జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తల ఎత్తితే ఎదురుగా చెంగయ్య. తన కెమెరా చూపించాడు. ఫ్రేము నిండా అక్షింతలు వేస్తున్న ఎవరిదో తెల్లచొక్కా చెయ్యి. చెయ్యి మాత్రం చాలా బాగా పడింది, వాచీలో టైము కూడా చదవొచ్చు.

"పోయిందప్పా" అన్నాడు చెంగయ్య.

మునిచంద్రకు ముందు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు? పొద్దుట్నుంచీ పడ్డ తిట్లు తక్కువా? కానీ ఆ ముఖం చూస్తే సంతోషం నిలవలేదు. ప్రీతి పెండ్లినాడు తన ముఖమూ అట్లాగే ఉండి ఉంటుంది. తనకు అప్పుడు అడగడానికి పురోహితుడు తప్ప ఎవరూ లేరు.

"నాది పడింది. పద, మీ స్టూడియోలో కంప్యూటరుంటే ఎక్కించుకుందువు" అన్నాడు.

చెంగయ్య నమ్మలేదు. "నీ పేరు ఏసుకోవా దాని మీద?"

"వెలుగు నువ్వు నొక్కిందే గదప్పా."

ఆ ఫోటో రెండు ఆల్బముల్లోకీ ఎక్కింది. చెంగయ్య దాన్ని పెద్దది చేయించి కుప్పంలో స్టూడియో బయట తన పేరుతోనే తగిలించాడు. అది చూసొచ్చిన అంబిక ఒంటికాలి మీద లేచింది.

"నువ్వు తీసింది ఆయప్ప గోడకెట్లా ఏలాడతాండాది? నీకు సిగ్గనిపించలేదా?"

"తాళి పోగొట్టుకున్నోడి ముఖం అద్దంలో రెండేండ్లు సూసినా అంబికా. ఇంకోడికి యాల అది?" అన్నాడు మునిచంద్ర.

మరుసటి నెల పుంగనూరులో పెండ్లి. ఆడపెండ్లోళ్లు మునిచంద్రను పిలిచారు, మగపెండ్లోళ్లు కుప్పం నుంచి చెంగయ్యను రప్పించారు. చెంగయ్య మెడలో డబ్బీ బిగించిన కెమెరా వేసుకుని, చేతులూపుకుంటూ బస్సు దిగాడు.

"నీ లైటు యాడప్పా?" అని మునిచంద్ర అడిగాడు.

"నీది ఉండాది గదా" అన్నాడు చెంగయ్య.