పూయని మల్లెకు నేను చేసిన సేవ

మేముండే నోవై ఊళ్ళో మంచు నవంబర్‌లో మొదలైతే, ఇక చాలని మనం బతిమాలినా వినకుండా ఏప్రిల్ దాకా పడుతుంది. ఆ తెలుపూ బూడిదరంగూ చూసి చూసి విసిగిపోయి, వంటింటి కిటికీలోంచి ఒక్క పువ్వు కనబడితే చాలు, ఈ చలిని భరిస్తాను అనుకునేదాన్ని. అందుకే నర్సరీలో ఒక కుండీ మీద జాస్మిన్ అని చూడగానే కొనేశాను. ఆ మాటకు ముందు వింటర్ అని కూడా ఉంది. ఉంటే ఉందిలే, మల్లెను పెంచడం నాకొకరు నేర్పాలా అనుకున్నాను.

మా పుట్టింట్లో మల్లెపొద ఉండేది. చలికాలంలో దానికి నీళ్ళు ఆపి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకంతా దూసేసేవాళ్ళం. వేసవికి పొద నిండా మొగ్గలే. నాకున్న తోటపని పరిజ్ఞానం మొత్తం ఇంతే. కానీ తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే ఇక్కడి పాట్‌లక్‌లలో నా మాటలు విన్నవాళ్ళు నాకు ఎకరాల్లో తోటలున్నాయనుకునేవాళ్ళు.

కిటికీ కింద నాటిన ఆ మొక్క వేసవంతా బారెడేసి తీగలు సాగేది. శీతాకాలం ముంగిట నేను జాకెట్ వేసుకుని, కత్తెర పట్టుకుని దాన్ని మోకాలెత్తుకు దించేదాన్ని. కొన్నాళ్ళాగితే వాటంతటవే రాలిపోయే ఆకుల్ని కూడా, వేళ్ళు కొంకర్లు పోతున్నా, పట్టుబట్టి దూసేదాన్ని. నేలను తాకి వేళ్ళూనిన ఒక కొమ్మను మా వీధి చివర ఉండే స్నేహితురాలికిచ్చి, ఎలా కత్తిరించాలో అరగంట పాఠం చెప్పాను.

మొక్క మాత్రం ఏ ఏడూ పూయలేదు. మట్టి మంచిది కాదన్నాను. పక్కింటి మేపుల్ చెట్టు నీడను తిట్టాను. నన్ను తప్ప అందరినీ అనుమానించాను. ఆ చోట ఆరుబయట కాల్చుకు తినే పొయ్యి, గ్రిల్, పెట్టుకోవాలని మావారికి ఎప్పటినుంచో కోరిక. ఈ వింటర్‌కి కూడా పూయకపోతే పీకేస్తానన్నారు. నన్నే ఇంట్లోంచి పంపించేస్తానన్నట్టు నాకు ఏడుపొచ్చింది. మర్నాడే కత్తెరకు పదును పెట్టి, మొక్కను ఇంకాస్త పొట్టిగా కత్తిరించాను.

ఆ మార్చ్‌లో స్నేహితురాలింటికి భోజనానికి వెళ్ళాం. గుమ్మం పక్కన, మంచు ఇంకా కరగనిచోట, ఒక్క ఆకైనా లేని తీగల నిండా పసుపుపచ్చని పూలు. అదేం మొక్క అని అడిగాను.

"మీరిచ్చిందే అక్కా. గుచ్చి వదిలేశా. మీరు చెప్పినట్టే కట్ చేద్దామనుకున్నా గానీ, బద్ధకమేసింది."

వంగి వాసన చూశాను. ఏమీ లేదు. ఫోన్‌లో వెతికితే తెలిసింది, ఈ వింటర్ జాస్మిన్‌కు వేసవిలో సాగిన తీగల మీదే చలికాలంలో పూలొస్తాయట. అంటే ఏటా పూలన్నీ నేనే కోసి చెత్తబుట్టలో వేశానన్నమాట. అన్నం సయించలేదు. కార్‌లో మావారిని ఇంకొక్క ఏడాది గడువడిగాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఇంటికి రాగానే కత్తెర తీసుకెళ్ళి కారు ట్రంక్‌లో పడేసి తాళం వేశారు.

మళ్ళీ శీతాకాలం ముంగిట నా చేతులు దురద పెట్టాయి. కిటికీ దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. అంత కష్టమైన తోటపని నేనెప్పుడూ చేయలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున కాఫీ కలుపుతూ చూస్తే, మంచు మీదికి వాలిన తీగకు ఒక పసుపు పువ్వు. చెప్పులతోనే మంచులోకి పరుగెత్తాను. మల్లె కాదు, వాసన లేదు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిరోజుల్లో గోడంతా పసుపైపోయింది.

అప్పుడే మా ఇంట్లో పాట్‌లక్. ఆడవాళ్ళంతా కిటికీ దగ్గర మూగి, ఇంత చలిలో ఎలా పూయించారని అడిగారు. ఏమీ చేయలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"అంతా కట్ చేయడంలో ఉందండీ," అని మొదలుపెట్టాను.

సోఫాలో కూర్చున్న మావారు, కారు తాళం ఉందో లేదోనని జేబు తడిమి చూసుకున్నారు.