అరగంట దాటని అక్క

మొన్న తార్నాక చౌరస్తా దగ్గర ఒక తెల్లటి వ్యాను ఆగి ఉంది. లోపలే పడకలు, పొయ్యి, బాత్రూమ్ కూడా ఉన్నాయని పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అద్దెకిస్తారట. కూరగాయల సంచీ పట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆ నీళ్లన్నీ ఎటు పోతాయో, బాత్రూమ్‌కీ పొయ్యికీ ఎంత ఎడముందో కనిపెట్టాలని చూశాను. డ్రైవరు నన్ను అనుమానంగా చూశాడు. నేనూ అతణ్ణి అలాగే చూశాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. పాలవాడి కొలత నుంచి డాక్టరు చిరునవ్వు దాకా దేన్నీ ఒక పట్టాన నమ్మను. ఆ గుణం వల్ల నిలువునా సిగ్గుపడింది మాత్రం ఒక్కసారే, అదీ ఇలాంటి వ్యాను దగ్గరే.

నేనుండేది మా అక్క ఇంట్లోనే. ఆమెకు షుగరు. అరగంటకొకసారి బాత్రూమ్‌కు వెళ్లక తప్పదు. అందుకని ఆరేళ్లపాటు ఆమె ప్రపంచం ఇటు సీతాఫల్‌మండి, అటు అడిక్‌మెట్ దాటలేదు. ఆ మధ్యలో శుభ్రమైన బాత్రూమ్ ఎక్కడుందో, దాన్ని ఎన్నింటికి తెరుస్తారో, ఏ తలుపుకు గడియ పడదో ఆమెకు కంఠతా వచ్చు. అమ్మ పోయాక మమ్మల్ని పెంచిన పెద్దమ్మ జగిత్యాలలో ఉండేది. ఒక్కసారి వచ్చి కనబడి పొమ్మని ఫోన్లో అడిగేది. అక్క మోకాళ్లని, ఎండలని, ఇంట్లో చుట్టాలని సాకులు చెప్పేది. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. బస్సు ఆపించి రోడ్డు పక్కన కూర్చోవడం కంటే చావు నయమనేది నాతో. చివరికి పెద్దమ్మ, "పట్నం పోయినంక పెద్దదానివైపోయినవ్ బిడ్డా" అని ఫోన్ చేయడమే మానేసింది. ఆ రోజు అక్క వంటింట్లో నిలబడి ఏడ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నేను బావ మీద తెచ్చుకున్నాను.

బావ యూనివర్సిటీ వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఎక్కడిదో పాత వ్యాను తెచ్చి, క్యాంపస్‌లో ఒక షెడ్డు వెనక చెట్ల కింద పెట్టుకుని, రోజూ తెల్లవారగానే అక్కడికి పోయేవాడు. అడిగితే "రిపేరు" అని ఒక్క మాట. సరే, రిపేరుకు ఇంట్లో చెంబెందుకు మాయం కావాలి? తర్వాత రెండు బొంతలు పోయాయి. ఆ వెనకే కిటికీ పరదా. దేవుడి గూట్లో అగరుబత్తి పెట్టె కూడా కనబడకపోయేసరికి నాకు లెక్క తేలిపోయింది. చెంబు, బొంతలు, పరదా, అగరుబత్తి: ఇంకో కాపురం కాకపోతే ఇంకేమిటి? మూడు రోజులు కడుపులో దాచుకుని నాలుగో రోజు అక్కకు చెప్పేశాను. నవ్వి కొట్టిపారేస్తుందనుకున్నాను. ఆమె నేల చూస్తూ, "ఏమో చెల్లె. ఎటూ రాని పెండ్లాంతోని ఆయన మాత్రం ఎన్నొద్దులని ఇంట్ల కూసుంటడు?" అంది. చెప్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను, కానీ అనుమానం మాత్రం పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బావ వెనకాలే వెళ్లి, షెడ్డు పక్కన చెట్టు చాటున నిలబడ్డాం. బావ వ్యాను ఎక్కి తలుపేసుకున్నాడు. బయట క్యాంపస్ గార్డు చెవి రిక్కించి నిలబడ్డాడు. లోపల నీళ్లు పోసిన చప్పుడు.

"ఇనబడుతున్నదా?" అని లోపల్నుంచి బావ గొంతు.

"మంచిగనే ఇనబడుతున్నది సార్."

ఏదో సర్దిన చప్పుడు, మళ్లీ నీళ్లు. "ఇప్పుడు కొద్దిగనే సార్," అన్నాడు గార్డు, ఒక అడుగు వెనక్కి వేసి. వీడు కూడా ఇందులో ఉన్నాడన్నమాట అనుకున్నాను. ఆ నాటకం అర్థం చేసుకునే హడావిడిలో గడియారం సంగతి మరిచిపోయాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొహం పాలిపోయింది. దగ్గర్లో ఉన్నది లైబ్రరీ బాత్రూమ్, అది తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది. "చెల్లె, నాతోని అయితలేదు" అంది. ఇక చాటు లేదు, పరువు లేదు. ఆమెను నడిపించుకుపోయి వ్యాను తలుపు దబదబా బాదాను.

బావ తలుపు తీశాడు. చేతిలో మా చెంబు. వెనక బీరువా అంత గది, దాని గోడలకు మా బొంతలు, తలుపుకు మా పరదా, మూలన అగరుబత్తి, మధ్యలో మూత ఉన్న కమోడ్. బావ అక్క మొహం చూశాడు. ఎందుకొచ్చారని అడగలేదు. "పో, గడియ మంచిగ పడ్తది" అని దిగి, గార్డు భుజం మీద చెయ్యేసి రోడ్డు దాకా తీసుకుపోయాడు. ఇద్దరూ అటు తిరిగి నిలబడ్డారు.

నేను తలుపు పక్కనే ఉండిపోయాను. అక్క బయటికొచ్చి నా చెవి దగ్గర, "ఇనబడ్డదా?" అని అడిగింది. వినబడింది, కొద్దిగా. "ఏం ఇనబడలే అక్కా" అన్నాను. నమ్మనట్టే చూసింది, ఎంతైనా నాకు తోడబుట్టింది కదా. తర్వాత వ్యాను మెట్టు మీద కూర్చుని, "దూపయితున్నది, నీళ్లియ్యరి" అంది. ఇల్లు దాటాక అక్క నీళ్లడగడం ఆరేళ్లలో నేను చూడలేదు. బావ పరుగున వచ్చి సీసా అందించాడు. చివరి చుక్క దాకా తాగి, "ఒక కొక్కెం గొట్టు. చీర కొంగు తడుస్తున్నది" అంది. బావ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. నా అనుమానం సంగతి మాత్రం అక్క ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ వారమే అదే వ్యానులో జగిత్యాల వెళ్లాం, దారంతా అక్క నీళ్లు తాగుతూనే ఉంది. పెద్దమ్మకు అప్పటికే చూపు పోయింది. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, అక్క మొహమంతా చేతులతో తడిమి, సంగతంతా విని, "గీ ముచ్చట చెప్పనీకి ఆరేండ్లు వట్టెనా బిడ్డా?" అంది. అరగంట ఎలా దాటాలో బావ కనిపెట్టాడు గానీ, దాటిపోయిన ఆరేళ్లను వెనక్కి తిప్పడం మాలో ఎవరి చేతా కాలేదు.