పెట్ట లేని గంప

గంపలో చెయ్యి పెట్టాను. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. వాటిని పొదుగుతున్న పెట్టను మేం ముందురోజు మధ్యాహ్నమే కూర వండుకుని తినేశాం.

దయ్యాల మీద నాకు ఏ వయసులోనూ నమ్మకం లేదు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ అలాంటి వార్త ఎవరు పంపినా ‘నువ్వు చూశావా?’ అని రాసి వెనక్కి పంపేదాన్ని. ఇది మాత్రం నేను చూశాను.

నా చిన్నప్పుడు మేం కలకత్తా దగ్గర లిలువాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ పెరట్లో కోళ్ళు పెంచేది. ఆదివారం కూరకు కోడి, మిగతా రోజులకు గుడ్లు. ఆ చలికాలం తెగులు వచ్చి అన్నీ పోయాయి. మిగిలింది ఒక్క నల్లపెట్ట, వంటగది మూల గంపలో అది పొదుగుతున్న గుడ్లు. అవి పిల్లలైతేనే మాకు మళ్ళీ కోళ్ళు. మొదటి పిల్ల నాదని అమ్మ మాట ఇచ్చింది.

ఆ పెట్ట కాలికి అమ్మ ఎర్రగుడ్డ పీలిక కట్టింది, వర్క్‌షాపు గేటు దగ్గర యూనియన్ మీటింగు జెండాలకు పోగా మిగిలిన గుడ్డ. అమ్మ వాళ్ళ ఊళ్ళో పీలిక కడితే ఆ కోడి జోలికి పోకూడదు. నాన్న వాళ్ళ ఊళ్ళో కడితే అది కూరకు. శ్రీకాకుళం నుంచి చిన్నాన్న చెప్పాపెట్టకుండా దిగాడు. అమ్మ బజారు నుంచి వచ్చేసరికి నాన్న ఈకలు పీకడం కూడా అయిపోయింది.

“ఏటయ్యా, పొదుగులో ఉన్నదాన్ని కోసీసినావా?”

“నువ్వే కదే పీలిక కట్టినావు. కూరకనుకున్నాను.”

“కూరకైతే పీలికెందుకు, కత్తి చాలదా?”

గుడ్లను బల్బు కింద పెడదామంటే లోడ్‌షెడ్డింగ్. పొయ్యి రాత్రికి చల్లారిపోయేది. అయినా పారేయడానికి మనసొప్పక, అమ్మ పొదుగుకు పెట్టినప్పుడు వాటి మీద గుర్తుకు వేసిన బొగ్గు గీతలు పైకి ఉండేలా సర్ది పడుకుంది.

తెల్లారేసరికి గుడ్లు వెచ్చగా ఉండడమే కాదు, సగం గీతలు కిందికి తిరిగి ఉన్నాయి. పెట్ట తన గుడ్లను తిప్పుకున్నట్టే.

“ఏటే గుంటా, నువ్వు గానీ తిప్పినావా?”

“ముట్టుకోలేదమ్మా.”

ఆ రాత్రి అమ్మ గీతలు మళ్ళీ పైకి సర్ది, వంటగదికి తాళం వేసి చెవిని కొంగున ముడేసుకుంది. పొద్దున తలుపు తీస్తే గీతలు మళ్ళీ తిరిగి ఉన్నాయి. వెచ్చదనం అలాగే ఉంది. “ఎవులికీ చెప్పకండి” అన్నాడు నాన్న గొంతు తగ్గించి. సాయంత్రానికి వర్క్‌షాపంతా ఆయనే చెప్పేశాడు.

మరో వారానికి ఒక గుడ్డుకు చిల్లు పడి, లోపల కీచుమంది. నేను అరిచిన అరుపుకు నాన్న గడ్డం సబ్బుతోనే పరిగెత్తుకొచ్చాడు. ఒకదాని వెనక ఒకటి అన్నీ పగిలాయి. అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ మొదటి పిల్లను నా అరచేతిలో పెట్టింది.

పెరట్లో వదిలిన మొదటి రోజే నేల మీద గద్ద నీడ తిరిగింది. పిల్లలన్నీ గోడ పక్కకు పరిగెత్తి, ఒకే చోట, తల్లి కిందికి దూరినట్టు తలలు దూర్చి ముడుచుకున్నాయి. గద్ద పెరటి మీదకు దిగినట్టే దిగి, అడ్డం తిరిగి వెళ్ళిపోయింది. నేను పరుగున పోయి వాటి మీదకు చెయ్యి చాపాను. వేళ్ళకు వాటి నూగు తగలకముందే, పైన, మెత్తగా, వెచ్చగా ఇంకేదో తగిలింది.

చూస్తే అక్కడ ఏమీ లేదు. ఆ పిల్లలే పెద్దవై, మా ఇంట్లో ఆదివారం కూర మళ్ళీ మొదలైంది. ఆ రోజు నా చేతికి తగిలింది ఏమిటో ఇప్పటికీ తెలియదు.